పొగగొట్టం మలుపు

మార్చి 3, మంగళవారం

మా దర్జీ కొట్టు కొలతల పుస్తకాన్ని వెనకనుంచి తిప్పి రాస్తున్నాను. ముందువైపు జనం నడుములు, వెనకవైపు నా సొద. ఏనాడో మధ్యలో రెండూ ఎదురుపడతాయి. అప్పుడు చూసుకోవచ్చు.

ఇది ఎవరూ చదవరు. మా ఆయన బస్సు తోలతాడు తప్ప కాగితం ముట్టడు. వదినకి నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయట. నేను చదివింది ఏడు. ఎనిమిదిలోకి పంపకపోవడానికి కారణం లెక్కలు కాదు, లెక్కల మాస్టారి కుర్చీ. దాని గురించి నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

ఇవాళ పొద్దున వదిన ఎడమ మోచేతి పక్కన, బల్లమీద, రబ్బరు బల్లిని పెట్టాను. మంచి సరుకు, తోక ఊగుతుంది. వదిన చొక్కాలకి కాజాలు కుడుతోంది. నేను మిషన్ దగ్గర ప్యాంటు అంచు మడుస్తున్నట్టు నటిస్తూ కాచుకున్నాను. మామూలుగా అయితే ఆవిడ పెట్టే కేకకి ఎదురుకొట్టులో వాచీలు బాగుచేసే ఆయన చేతిలో పట్టకారు జారిపోవాలి.

రెండు గంటలు కూర్చుంది. పదకొండు కాజాలు కుట్టింది. లేచి వెళ్ళి మొహం కడుక్కుంది.

పాతికేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి. మా ఆయన అక్కని నేను హడలగొట్టడం, ఆవిడ నన్ను తిట్టడం, ఆ తిట్ల మీద ఇద్దరం టీ తాగడం. ఈ ఇల్లు నిలబడ్డదే దాని మీద.

బల్లి పాతబడి ఉంటుంది.

మార్చి 5, గురువారం

బల్లి ఇంకా అక్కడే ఉంది. ఇవాళ దాని మీద కత్తెర పెట్టింది. పెట్టి కూడా కిక్కురుమనలేదు. నా మీద కోపం వచ్చినట్టుంది.

మార్చి 8, ఆదివారం

లైబ్రరీ అమ్మాయి వచ్చింది. కొత్తగా వచ్చిన పిల్ల, మొహంలో ఇంకా వేరే ఊరి శుభ్రత ఉంది. ఈ పేటకి పటం గీస్తుందట. ఏది ఎక్కడుందో, అంతకుముందు అక్కడ ఏముండేదో రాసి, ఆదివారం పొద్దున ఓ పదిమందిని నడిపిస్తూ చూపిస్తారట.

"ఈ పేటలో దారి అడిగితే నాకు పిచ్చెక్కుతోంది ఆంటీ," అంది. "సోడా కొట్టు దగ్గర ఎడమకి తిరగమన్నారు. గంట వెతికాను. తీరా చూస్తే అక్కడ ఫోన్లు అమ్ముతున్నారు."

"సోడా కొట్టు అదేగా మరి," అన్నాను.

మా పేట అంతే. రైలుపట్టాలకీ కాలవకీ మధ్య ఇరుక్కున్న పద్నాలుగు వీధులు. ఇక్కడ పోయినవి పోవు. కొత్త వంతెన అనేది నాకంటే వయసులో పెద్దది. సబ్బుల ఫ్యాక్టరీ మూసేసి ఇరవై రెండేళ్ళు, మా ఆయన ఇప్పటికీ రోజుకి ఎనిమిది సార్లు "సబ్బుల ఫ్యాక్టరీ, పొగగొట్టం మలుపు" అని కేకేసి బస్సాపుతాడు. దిగేవాళ్ళు దిగుతారు. పొగగొట్టం మాత్రం నిజంగానే ఉంది, ఇటుకలతో, తలమీద పిచ్చిమొక్కతో. వదిన వాళ్ళ నాన్న దాని కింద బాయిలర్ దగ్గర పనిచేసేవాడు.

అమ్మాయి వచ్చింది వదిన కోసం. నడిపించి కథ చెప్పే మనిషి కావాలట. పేటలో ఎవర్ని అడిగినా వదిన పేరే చెప్పారట.

వదిన చేతిలో సూది ఆగిపోయింది. అరవై ఒక్కేళ్ళ మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. "నేనా? నన్నెవరమ్మా వింటారు?" అంది. అంటూనే తల పైకెత్తి, పోస్టు డబ్బా నుంచి మొదలెట్టాలా వంతెన నుంచా అని అడిగింది.

నడక ఏప్రిల్ అయిదున. వదిన సంతోషంగా ఉంది. నా మీద కోపం లేదన్నమాట. మరి బల్లి సంగతేంటి?

మార్చి 10, మంగళవారం

గోడకి తగిలించిన ఆవిడ జాకెట్టుకి రెండు చేతులూ కలిపి కుట్టేశాను. తొడుక్కోబోయి, విషయం తెలిసి, "కోతి మొహందానా" అని తిట్టింది. హాయిగా అనిపించింది.

కానీ టీ గ్లాసు పక్కన పెట్టిన ప్లాస్టిక్ బొద్దింక అలాగే ఉండిపోయింది. చేత్తో తడిమి గ్లాసు తీసుకుంది, బొద్దింకకి వేలెడు దూరంలో.

ఈ కోపం ఏదో కొత్త రకం. కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు.

మార్చి 12, గురువారం

ఇది రాయకపోతే నా పొట్ట పగిలిపోతుంది. సాయంత్రం వదిన లైబ్రరీకి వెళుతుంటే నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. పోస్టు డబ్బాకి భుజం తగిలింది. ఆగింది. "చూసుకోలేదు బాబూ, ఏమనుకోకు" అంది. పోస్టు డబ్బాతో!

వాచీల ఆయన కూడా చూశాడు. "చెల్లెమ్మా, అది జవాబు రాస్తుందిలే" అన్నాడు. కొట్టు ముందు కూలబడి నవ్వాను.

మార్చి 13, శుక్రవారం

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

పొద్దున స్నానం చేసి వచ్చినప్పుడు వదిన ఎడమ భుజం మీద కమిలిన మచ్చ చూశాను. దాని కింద పాతది ఇంకోటి, పచ్చబడింది. మోకాలి మీద ఒకటి. అన్నీ ఎడమవైపే.

కొట్లోకి వచ్చి కూర్చున్నాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒక్క ప్రయత్నానికే ఎక్కింది. నాకైతే నాలుగు కావాలి. కళ్ళు లేని మనిషి దారం ఎలా ఎక్కిస్తుంది? కుదరదు కదా. కాబట్టి కళ్ళున్నాయి. అక్కడితో ఆపేసి ప్యాంటు కత్తిరించాను. ప్యాంటు పొట్టిదైపోయింది.

మధ్యాహ్నం ఇక ఆగలేకపోయాను. చప్పుడు చెయ్యకుండా ఆవిడ ఎడమపక్కకి వెళ్ళి నిలబడి, నాలుక బయటపెట్టి, రెండు చేతులూ చెవుల దగ్గర ఊపాను. ఆవిడ కాజా కుట్టుకుంటూనే ఉంది. చాలాసేపు ఊపాను. చివరికి నాకే ఏడుపొచ్చింది. ముక్కు ఎగబీల్చాను.

"ఎంతసేపట్నుంచి ఉన్నావే అక్కడ?" అంది వదిన, తల తిప్పకుండా.

"వదినా, నీకు నేను కనపడట్లేదా?"

సూది గుచ్చి పెట్టింది. బల్లమీంచి ఖాళీ దారపు రీలు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"కంటికి పెట్టుకుని చూడు."

పెట్టుకున్నాను. రీలు బొక్కలోంచి ఆవిడ ముక్కు కనపడింది. ముక్కు ఒక్కటే.

"అదీ," అంది. "ఎడమది అలా ఉంది. కుడిది కాస్త నయం. ఎదురుగా ఉన్నది ఎంత చిన్నదైనా కనపడుతుంది. పక్కలే లేవు."

"ఎన్నాళ్ళనుంచి?"

"పోయిన ఏడాది నుంచి. కొంచెం కొంచెంగా."

"చెప్పొద్దా? డాక్టరు దగ్గరికి..."

"తమ్ముడికి చెప్పకు." ఇంత గట్టిగా ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. "మా అమ్మకీ ఇలాగే అయింది. వాడు చిన్నవాడు, వాడికి గుర్తులేదు. ఒకరోజు వీధిలో పడింది. మర్నాడు నాన్న ఒక మంచి కుర్చీ తెచ్చాడు. కిటికీ పక్కన వేశాడు. ఎంతో ప్రేమగానే వేశాడు. తొమ్మిదేళ్ళు మా అమ్మ అందులోంచి లేవలేదు. కాళ్ళు బాగానే ఉన్నాయి ఆవిడకి, తెలుసా? ఇదిగో నీళ్ళు, ఇదిగో దుప్పటి అని అన్నీ చేతికిచ్చేవాళ్ళం. నేనూ ఇచ్చేదాన్ని."

చేతిలో రీలుని బల్లమీద అటూ ఇటూ దొర్లించాను.

"ఆ నడక ఒక్కటీ కానీ," అంది. "నన్ను ఎవరైనా ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. అయ్యాక నువ్వు ఏ డాక్టరు దగ్గరికి రమ్మంటే అక్కడికొస్తాను. ఒట్టు."

"పడితే?"

"నువ్వు పక్కనుంటావుగా. ఎడమపక్క."

సరే అన్నాను. ఆవిడ వెళ్ళాక ఇంకో ఖాళీ రీలు వెతికి, రెండు కళ్ళకీ చెరొకటి పెట్టుకుని ఇల్లంతా నడిచాను. తలుపుకి మోకాలు, బల్లకి నడుము కొట్టుకున్నాను. బల్లిని చెత్తబుట్టలో పడేశాను.

మార్చి 15, ఆదివారం

వదినకి జ్వరం. మేడమీద గదిలో పడుకుంది. మా ఆయన గంజి కాచాడు, గిన్నె మాడ్చాడు. భుజం మీద మచ్చలు చూసి "ఇవేంటక్కా" అన్నాడు. "నీ పెళ్ళాం గిల్లింది" అంది వదిన. నమ్మాడు!

మార్చి 17, మంగళవారం

పొగగొట్టం పోయింది.

మూడు రోజుల క్రితం క్రేను వచ్చింది. చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కట్టారు. పైనుంచి ఇటుక ఇటుక పీకారు. ఇవాళ మధ్యాహ్నానికి గుడ్డ కూడా విప్పేశారు. లోపల ఏమీ లేదు, ఆకాశం ఉంది అంతే. అపార్టుమెంట్లు వస్తాయట. పేటంతా బయటికొచ్చి చూసి, లోపలికెళ్ళిపోయింది. సాయంత్రం మా ఆయన "పొగగొట్టం మలుపు" అని కేకేశాడట, ఆరుగురు దిగారట.

వదిన పైన పడుకునే ఉంది. "ఆ చప్పుడేంటే?" అంటే "రోడ్డు తవ్వుతున్నారు" అన్నాను. నోటికొచ్చేసింది. వాళ్ళ నాన్నది కదా అది. జ్వరంలో ఉన్న మనిషి, రీలు బొక్క చూపు, పైగా ఈ వార్తా? నడక అయ్యాక చెబుతాను. అప్పటికి చెప్పాల్సినవన్నీ ఒకేసారి చెప్పేస్తాను.

అయినా నాలాంటిదానికి ఒక పొగగొట్టం దాచడం ఎంతసేపు?

మార్చి 20, శుక్రవారం

జ్వరం తగ్గింది. సాయంత్రం ఇద్దరం సాధన మొదలెట్టాం. మా ఆయనకి గుండీలు కొనడానికని చెప్పాం. నేను ఎడమపక్క. పోస్టు డబ్బా దగ్గర "డబ్బా", గుంత దగ్గర "గుంత" అని గొణుగుతాను. వదినకి చాలాచోట్ల నా అవసరమే లేదు. బ్రెడ్డు వాసన దాటాక పది అడుగులకి మురుగు కాలవ రేకు. అది కాలికింద మోగితే కుడికి తిరగాలి. వాచీల ఆయన కొట్టు టిక్కుటిక్కు వినపడితే మా గుమ్మం.

రైలుపట్టాల మీది ఇనప వంతెన ఎక్కి మధ్యలో ఆగాం. వదిన కుడివైపుకి మొహం తిప్పింది.

"పొగగొట్టం మీద మొక్క ఉందా ఇంకా?" అంది.

"ఉంది," అన్నాను. "జానెడయింది."

"పావురాలు?"

"ఆరు."

తలాడించింది. పాపం, అంత దూరంలోది ఆవిడకెలా కనపడుతుంది? నాకు కొంచెం దుఃఖం వచ్చింది, కొంచెం గర్వం కూడా. ఆరు అని ఎంత సహజంగా అన్నాను!

మార్చి 24, మంగళవారం

పావురాలు ఎనిమిది. మొక్కకి పువ్వొచ్చింది. ఏ రంగు అని అడిగింది. పసుపు అన్నాను. అలాంటి మొక్కకి పసుపు పువ్వేంటి అంది. గాలికి ఏదో విత్తనం వచ్చి పడి ఉంటుందని చెప్పాను. నమ్మింది. ఇంత అమాయకురాల్ని పాతికేళ్ళుగా ఏడిపించినందుకు కాస్త సిగ్గేసింది.

మార్చి 27, శుక్రవారం

వాచీల ఆయనకి మాత్రం చెప్పాను. ఒక్కరైనా లేకపోతే నేను పేలిపోతాను. ఆయన కంటి దగ్గర భూతద్దం తీసి చాలాసేపు తుడిచాడు. వాళ్ళ బాబాయికీ ఇలాగే అయిందట. చుక్కలు వేసుకోవాలట, ఆలస్యమైతే పోయింది తిరిగి రాదట.

వదినకి చెప్పాను. "తొమ్మిది రోజులే కదే" అంది. నేను ఒట్టు తీసి గట్టున పెట్టి మా ఆయనకి చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆయన "ఉప్పెక్కువైందా?" అని అడిగాడు.

మార్చి 31, మంగళవారం

వదిన ఇవాళ పొగగొట్టం కొంచెం ఒరిగినట్టుందా అని అడిగింది. తూర్పుకి ఒరిగిందన్నాను. మునుపు పడమరకి కదా అంది. సర్దుకుంటోందేమో అన్నాను.

అబద్ధాలాడి నాకు ఇంత అలసట ఎప్పుడూ రాలేదు.

ఏప్రిల్ 2, గురువారం

అసలు చిక్కు ఇప్పుడు తట్టింది. ఆదివారం నాడు వంతెన మీద నిలబడి, పద్నాలుగు మంది ముందు, వదిన చెయ్యెత్తి "అదిగో పొగగొట్టం" అంటే? లేని దాన్ని చూపిస్తే అందరికీ ఆవిడ చూపు సంగతి తెలిసిపోతుంది. మా ఆయన కూడా వస్తానంటున్నాడు, డ్యూటీ పదకొండుకట.

ఉపాయం ఆలోచించాను. వాచీల ఆయన సంచీలో అయిదు అలారం గడియారాలు పెట్టుకుని వెనకే వస్తాడు. అన్నీ తొమ్మిదీ నలభైకి. సరిగ్గా వంతెన మీదుండగా మోగుతాయి. గందరగోళంలో నేను "కాలవ గట్టు దగ్గర టీ చల్లారిపోతోంది, దిగండి దిగండి" అని అందర్నీ తోలేస్తాను. ఇంత చక్కటి పథకం నేను లెక్కల మాస్టారి తరువాత వెయ్యలేదు.

ఏప్రిల్ 4, శనివారం

వదిన మంచి చీర ఇస్త్రీ చేసుకుంది. మడిచింది. మళ్ళీ ఇస్త్రీ చేసుకుంది.

ఏప్రిల్ 5, ఆదివారం

ముందు గడియారాల సంగతి రాయాలి. ఆయన కొట్లో ఏ రెండు గడియారాలూ ఒకే టైము చూపించవని ఎదురుగా పాతికేళ్ళు కూర్చున్నదాన్ని, నాకు తెలియదా? మొదటిది పోస్టు డబ్బా దగ్గరే మోగింది. రెండోది బ్రెడ్డు కొట్టు దగ్గర. ఆయన సంచీని కడుపుకి అదుముకుని, ఏమీ ఎరగనట్టు ఆకాశంలోకి చూస్తూ నడిచాడు. మూడూ నాలుగూ కలిసి సినిమా హాలు దగ్గర. లైబ్రరీ అమ్మాయి "బాబాయ్‌గారూ, మీకేమైనా మందు వేసుకునే వేళయిందా?" అని మర్యాదగా అడిగింది. అయిదోది అసలు మోగనే లేదు.

వదిన మాత్రం, ఏం చెప్పను. ఇన్నేళ్ళు నాకు వినపడని గొంతు ఒకటి ఆవిడలో ఉంది. సినిమా హాలు ఇప్పుడు పరుపుల గోదాము. "అప్పుడు టికెట్టు కొని లోపల నిద్రపోయేవాళ్ళు," అంది. "ఇప్పుడు పరుపే ఇంటికి పట్టుకుపోతున్నారు. మార్పేం లేదు." అందరూ నవ్వారు. వంతెన మెట్ల దగ్గర ఆగి, "ముప్పై నాలుగు మెట్లు. పంతొమ్మిదోది వేలెడు పొట్టి. అక్కడ తూలినవాళ్ళు ఈ పేటవాళ్ళు కాదు" అంది. ఎక్కుతుంటే ముగ్గురు తూలారు. ఆవిడ తూలలేదు. నేను పక్కన "గుంత", "మెట్టు" అంటూనే ఉన్నాను కానీ, నిజం చెప్పాలంటే ఆవిడ వినిపించుకోలేదు.

వంతెన మధ్యలో అందరూ చుట్టూ చేరారు. మా ఆయన యూనిఫారంలో, వెనక. అవతల ఖాళీ ఆకాశం.

"ఈ పేటకి పొగగొట్టమే తలకాయ," అంది వదిన. "మా నాన్న దాని కింద ఇరవై ఎనిమిదేళ్ళు బొగ్గు వేశాడు. దాని గురించి నేను చెబితే పాత కథవుతుంది. మా మరదలు రోజూ ఇక్కడ నిలబడి చూస్తుంది. ఇవాళ ఎలా ఉందో అదే చెబుతుంది. చెప్పవే."

పద్నాలుగు మొహాలు నా వైపు తిరిగాయి. నోట్లో గుండుసూదులు పెట్టుకున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. వాచీల ఆయన సంచీని ఊపుతున్నాడు, అయిదోది మోగుతుందేమోనని.

"మొక్క..." అన్నాను.

"ఆ, మొక్క?"

"మూరెడు దాటింది."

ఎవరో కిసుక్కుమన్నారు. లైబ్రరీ అమ్మాయి ఆకాశాన్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ ఆకాశాన్ని చూసింది.

"పావురాలెన్ని ఇవాళ?"

"తొమ్మిది," అన్నాను. చచ్చినా తగ్గదలుచుకోలేదు.

అప్పుడు వదిన నవ్వింది. రెయిలింగు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ నవ్వు వినగానే నాకు అర్థమైపోయింది.

"దాన్ని పోయిన నెల పడగొట్టేశారండీ," అంది అందరితో. "పదిహేను రోజులుగా ఈవిడ నాకు దాని మీద పావురాల్ని లెక్కపెట్టి చెబుతోంది. పువ్వు కూడా పూయించింది, పసుప్పచ్చటిది."

రెయిలింగు వదిలి నిటారుగా నిలబడింది.

"ఎందుకంటే నాకు చూపు పోతోంది. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కన ఉన్నది కనపడదు. మా మరదలికేమో లేనివి కూడా కనపడతాయి. ఇద్దరివీ కలిపితే సరిగ్గా ఒక మనిషి చూపు అవుతుంది. అందుకే కలిసి తిరుగుతున్నాం."

నవ్వు ఆగిపోయింది. కింద రైలు వెళ్ళింది.

మా ఆయన జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. టోపీ చేతిలో ఉంది. "ఎన్నాళ్ళనుంచి అక్కా?"

"ఏడాది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు మంచివాడివి కాబట్టి," అంది వదిన.

ఆయనకి అది అర్థం కాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ మెత్తగా విడిపించుకుంది. "ఇంకా మూడు చోట్లు చూపించాలిరా. కాలవ గట్టు దగ్గర టీ ఉందటగా? పదండమ్మా. దిగేటప్పుడు కూడా పంతొమ్మిదోదే, కాకపోతే లెక్క పైనుంచి పదహారు."

దిగింది. అందరూ ఆవిడ వెనక దిగారు. మా ఆయన ఆవిడ ఎడమపక్క, ముట్టుకోకుండా, రెండు చేతులూ గాల్లో పెట్టుకుని దిగాడు, నిండు బిందె పక్కన నడిచేవాడిలా.

ఏప్రిల్ 6, సోమవారం

పొద్దున ఆవిడతో మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను. టీ దాకా ఆగాను.

"నీకెలా తెలుసు?"

"జ్వరంలో పడుకున్నప్పుడు. రోజూ పదకొండింటికి దాని నీడ నా మంచం మీద నుంచి పోతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. పదహారున సగమే వచ్చింది. పదిహేడున రాలేదు." గ్లాసు దింపింది. "కాసేపు ఏడ్చాను. తరువాత నువ్వు పైకొచ్చి రోడ్డు తవ్వుతున్నారని చెప్పావు. నాకు నీ మీద ఎంత ముద్దొచ్చిందో! అప్పుడే అనుకున్నాను, దీన్ని వదలకూడదని."

"పాతికేళ్ళవి ఒక్క దెబ్బతో తీర్చుకున్నావు."

"ఇంకా ఉన్నాయి," అంది.

ఏప్రిల్ 7, మంగళవారం

మా ఆయన సాయంత్రం ఆటో మీద ఒక కుర్చీ వేయించుకొచ్చాడు. మెత్తటిది, చేతులున్నది. మేడమీద కిటికీ పక్కన వేశాడు. దాన్ని ఎంత ప్రేమగా తుడిచాడో. వదిన గుమ్మంలో నిలబడి చూసింది. మొహంలో నెత్తురు లేదు. థాంక్స్ రా అంది.

ఆయన స్నానానికెళ్ళగానే కొట్లో ఉన్న బట్టలన్నీ పైకి మోశాను. ఇస్త్రీ కానివి, కత్తిరించినవి, నాలుగేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని కోటు. అన్నీ కుర్చీ మీద గుట్ట పోశాను.

"ఇదేంటే?" అన్నాడు.

"చోటు లేదు కింద."

మళ్ళీ తీశాడు. నేను మళ్ళీ పెట్టాను. మూడోసారి ఆయన ఏదో అనబోయాడు. అప్పుడు నేను కూర్చోబెట్టి చెప్పాను. వాళ్ళమ్మ గురించి. తొమ్మిదేళ్ళ గురించి. జోకులు లేకుండా చెప్పాను, అందుకే భయపడ్డాడనుకుంటాను.

"నాకు అమ్మ ఎప్పుడూ కూర్చునే గుర్తు," అన్నాడు. "అమ్మలంతే అనుకున్నాను."

ఏప్రిల్ 9, గురువారం

కళ్ళ డాక్టరు. చిన్నది, గట్టి మనిషి. పోయింది రాదంది. ఉన్నది కాపాడొచ్చంది. చుక్కలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, జీవితాంతం. ఒక్కపూట కూడా మానకూడదు. ఇది కుటుంబాల్లో వస్తుంది, తమ్ముడివీ చూడాలంది. మా ఆయనవి బాగానే ఉన్నాయి.

"నేను బయటికెళ్ళొచ్చా?" అంది వదిన.

"కాళ్ళకేమైంది?" అంది డాక్టరు.

వదిన ఆవిడని కౌగిలించుకుంటుందేమోనని భయమేసింది.

ఏప్రిల్ 12, ఆదివారం

మా ఆయన అక్కకి డ్రైవింగు నేర్పుతున్నాడు. బస్సు కాదు, తల. "మలుపు దగ్గర ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ. కళ్ళు కాదు అక్కా, మెడ తిప్పాలి. అద్దాలు లేని బండి అనుకో." వీధి మొదటినుంచి చివరిదాకా నాలుగుసార్లు తిప్పించాడు. "బ్రేకు! సైకిలు!" అని అరుస్తున్నాడు. ఆవిడ "నువ్వు నోరు మూస్తే నాకు సైకిలే వినపడుతుందిరా" అని అరుస్తోంది. వీధంతా బయటికొచ్చి చూసింది. ఎవరు చూస్తే ఏంటి, ఇక దాచేదేముంది?

ఏప్రిల్ 20, సోమవారం

ఇవాళ వదిన ఒక్కతే లైబ్రరీకి వెళ్ళింది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నన్ను రావద్దంది. సరే అన్నాను.

నలభై అడుగులు వెనక నడిచాను. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను, చప్పుడవకుండా. మలుపు దగ్గర మెడ తిప్పింది. ఎడమ, కుడి, ఎడమ. దాటింది. మురుగు కాలవ రేకు మోగింది. కుడికి తిరిగింది. వంతెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"వట్టి కాళ్ళతో రాకే," అంది, వెనక్కి చూడకుండా. "గాజుపెంకులుంటాయి అక్కడ."

చెప్పులు తొడుక్కున్నాను. ఆవిడ ఎక్కడం మొదలెట్టింది. పంతొమ్మిదోదాకా చూద్దామనుకున్నాను. చూడకుండా ఇంటికొచ్చేశాను.

టీ పెట్టాను. ఆరింటికి రావాలి. ఆరయింది. ఆరుంబావు అయింది. ఒక ప్యాంటు అంచు కుట్టాను, విప్పాను, కుట్టాను. వాచీల ఆయన రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి వీధి చూసి, నన్ను చూసి, లోపలికెళ్ళాడు.

ఆరూ నలభైకి వచ్చింది. మోచేతికి దుమ్ము. మొహం వెలిగిపోతోంది. కూర్చుని చెప్పులు విప్పింది.

ఎందుకాలస్యమైందని అడగలేదు. టీ వేడి చేసి ఇచ్చాను.

నాకు తెలిసి నా జీవితంలో నేను చేసిన అన్నిటికంటే కష్టమైన పని అదే.